ల్యుకీమియా కణాన్ని పెద్దచేసే మందు

మొటిమలకి రాసుకునే క్రీముల్లో ట్రెటినోయిన్ అని ఒక మందు ఉంటుంది. అమెరికాలో 1971 నుంచి అమ్ముతున్నారు. కాలేజీ రోజుల్లో దాన్ని మొహానికి పట్టించి, తోలు పొరలు పొరలుగా ఊడి, నాలుగు రోజులు ఎండలోకి వెళ్ళలేక అవస్థ పడ్డవాళ్ళు మన పాఠకుల్లో కూడా ఉండే ఉంటారు. అదే పదార్థాన్ని, ఒక్క పరమాణువు తేడా లేకుండా, క్యాప్సూల్‌లో పెట్టి మింగిస్తే ఒక రకం రక్తపు కేన్సరు తగ్గుముఖం పడుతుంది. అదీ కేన్సరు కణాలని చంపి కాదు, వాటిని పెద్దచేసి. ఈ "పెద్దచెయ్యడం" అనే మాటకి అర్థం చెప్పడమే ఈ వ్యాసం పని.

దీనికి ప్రేరణ కిందటేడు ఇక్కడ కోవెంట్రీలో ఒక రాత్రి వచ్చిన ఫోను. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక గుంటూరు కుర్రాడు ఉంటాడు. కార్ల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. పది రోజులుగా పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. కొత్త బ్రష్షు గరుగ్గా ఉందనుకున్నాడు. కాళ్ళ మీద కమిలిన మచ్చలు కనిపిస్తే శనివారం క్రికెట్టులో బంతి తగిలి ఉంటుందనుకున్నాడు. చివరికి రక్తపరీక్షకి వెళ్తే, ఆ సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఉన్నపళంగా రమ్మని కబురు. రాత్రి పదకొండింటికి అతని భార్య నాకు ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, బ్లడ్ కేన్సరంటున్నారు. అంటూనే కీమో మొదలుపెట్టకుండా ఏవో విటమిన్ మాత్రలిచ్చి, మిగతాది రేపు చూద్దామంటున్నారు. మా మామయ్యగారేమో ఉన్నపళంగా టిక్కెట్టు కొనుక్కుని హైదరాబాదు వచ్చెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

నేను డాక్టరుని కాను. జీవరసాయనం చదువుకుని, పొట్టకూటికి సాఫ్ట్‌వేర్లోకి వచ్చినవాణ్ణి. ఆ రాత్రి నేను చెప్పినవి రెండే ముక్కలు. ఒకటి, వాళ్ళిచ్చింది విటమిన్ మాత్ర కాదు, ఆ జబ్బుకి అంతకన్నా సరైన మందు లేదు. రెండు, విమానం మాట ఎత్తద్దు. ఎందుకో తీరిగ్గా చెబుతాను.

పండితే రాలాలి

మన ఎముకల మూలుగలో న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు రోజుకి సుమారు 10 వేల కోట్లు తయారవుతాయి. సూక్ష్మజీవుల్ని పట్టి మింగే కాల్బలం ఇది. అయితే ఏ కణమూ పుడుతూనే న్యూట్రోఫిల్‌గా పుట్టదు. మైలోబ్లాస్ట్‌గా మొదలై, ప్రోమైలోసైట్ అయి, మైలోసైట్ అయి, మరో రెండు మెట్లెక్కి న్యూట్రోఫిల్ అవుతుంది. మొదటి మెట్ల మీద ఉన్న కణానికి రెండుగా చీలి పిల్లల్ని పెట్టే శక్తి ఉంటుంది. పై మెట్లు ఎక్కేసరికి ఆ శక్తి పోతుంది. పూర్తిగా పండిన న్యూట్రోఫిల్ ఇక చీలదు. కొన్ని గంటలో, మహా అయితే కొద్ది రోజులో బతికి, పండుటాకులా రాలిపోతుంది.

కనక కణం పెద్దదవడం అంటే, దాని వంశం అక్కడితో ఆగడం, దాని చావు దగ్గరపడడం. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ సులభం.

ఎక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకీమియా (ముద్దుపేరు ఏపీఎల్) అనే జబ్బులో కణాలు రెండో మెట్టు మీద, అంటే ప్రోమైలోసైట్ దశలో ఇరుక్కుపోతాయి. కోవెంట్రీ రింగ్ రోడ్డు ఎక్కినవాళ్ళకి ఈ అవస్థ బాగా తెలుసు. తొమ్మిది జంక్షన్లు ఒకదాని వీపు మీద ఒకటి ఉంటాయి. దిగాల్సిన చోట పక్క లేన్‌లోంచి ఎవడో ఎక్కుతుంటాడు. మనం దిగలేక మళ్ళీ ఒక చుట్టు తిరుగుతాం. ఏపీఎల్ కణాలకి కూడా దిగే దారి దొరకదు. రోడ్డు మీద తిరుగుతూనే ఉంటాయి, ఆ తిరగడంలో పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. కొన్ని వారాల్లో మూలుగంతా అవే నిండిపోయి, ఎర్ర కణాలకీ ప్లేట్‌లెట్లకీ చోటుండదు.

అంతవరకు మిగతా ఎక్యూట్ ల్యుకీమియాల్లాగే ఉంది. దీని ప్రత్యేకత రక్తస్రావం. ఈ ప్రోమైలోసైట్లు ఒక పక్క రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాన్ని ఒలకబోస్తాయి. దాంతో ఒళ్ళంతా చిన్న చిన్న గడ్డలు కట్టి, గడ్డకట్టడానికి కావలసిన సరుకంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇంకో పక్క, కట్టిన గడ్డల్ని కరిగించే యంత్రాంగాన్ని కూడా ఇవే రెచ్చగొడతాయి. ప్లేట్‌లెట్లు ముందే తక్కువ. ఈ మూడూ కలిస్తే చిగుళ్ళతో మొదలైనది మెదడులో రక్తస్రావంతో ముగియవచ్చు, అదీ గంటల్లో. 1957లో నార్వే డాక్టరు హిల్లెస్టాడ్ ఈ జబ్బుని మొదటిసారి విడిగా వర్ణించినప్పుడు, ఎక్యూట్ ల్యుకీమియాలన్నిటిలోకీ ఇదే మహా క్రూరమైనదని రాశాడు. ఆ రోజుల్లో రోగులు వారాల్లో పోయేవారు.

ఇప్పుడు విమానం సంగతి అర్థమయిందనుకుంటాను. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఆ రాత్రి కావలసినవి ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజన్ దండిగా ఉండే ప్లాస్మా సరుకు, పూటపూటకీ రక్తపరీక్షలు. ప్లేట్‌లెట్లని 30 నుంచి 50 వేలకి పైన నిలబెట్టాలని డాక్టర్ల లెక్క. ఆకాశంలో పది గంటల పాటు ఇవేవీ దొరకవు. మామగారిది ప్రేమే, కాదనను. కొడుకు కళ్ళెదుట ఉంటే చాలనుకునే ప్రేమ. కానీ ఈ ఒక్క జబ్బులో మొదటి వారం రోజులు ఎక్కడున్నవాణ్ణి అక్కడే ఉంచాలి.

మరి కీమో ఎందుకు మొదలుపెట్టలేదు? ఒంటరిగా కీమో ఇస్తే ఆ కణాలు పగిలి, లోపలున్న సరుకంతా ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి పడుతుంది. రక్తస్రావం తగ్గడం పోయి పెరుగుతుంది. ఈ క్యాప్సూల్ పద్ధతి వేరు. కణాన్ని పగలగొట్టదు. గడ్డకట్టించేదీ కరిగించేదీ రెండూ తయారుచెయ్యడం మానిపిస్తుంది. కొద్ది రోజుల్లో రక్తం దారికి వస్తుంది. అందుకే సూక్ష్మదర్శినిలో చూసి ఏపీఎల్ అని అనుమానం కలిగితే చాలు, జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా మొదటి మోతాదు వేసెయ్యాలని బ్రిటన్‌లోనూ మిగతా చోట్లా పద్ధతి పెట్టుకున్నారు. అనుమానం తప్పని రేపు తేలితే మందు ఆపేస్తారు, పెద్ద నష్టమేమీ లేదు. అనుమానం నిజమై మందు వెయ్యకపోతే మాత్రం ఆ రాత్రి మళ్ళీ రాదు.

చెవిటివాడి ముందు శంఖం

ఆ మందు పూర్తి పేరు ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆసిడ్, పొట్టిగా ఆట్రా. విటమిన్ ఏకి మనవడి వరస. మునగాకులోనూ కేరట్‌లోనూ ఉన్న బీటా కెరోటిన్ నుంచి మన శరీరం రెటినాల్ అనే పదార్థాన్ని చేసుకుంటుంది. మనం కంటి చూపుకి విటమిన్ ఏ కావాలని చిన్నప్పుడు చదువుకున్నది ఈ రెటినాల్ గురించే. దీన్నే ఇంకో మెట్టు ముందుకి తోస్తే రెటినోయిక్ ఆసిడ్ వస్తుంది. ఆ మెట్టు ఎక్కినది మళ్ళీ వెనక్కి రాదు. దీనికి చూపుతో పనిలేదు. దీని పని కణం కేంద్రకంలో, జన్యువుల దగ్గర.

అక్కడ ఏం జరుగుతుందో మన వృత్తి భాషలో చెబుతాను. కేంద్రకంలో రార్-ఆల్ఫా అనే ప్రొటీన్ ఉంటుంది. అది "పెద్దవ్వు" అని చెప్పే జన్యువుల గుమ్మంలో, డీఎన్ఏని పట్టుకుని కూర్చుంటుంది. ఇదొక షరతు వాక్యం అనుకోండి. రెటినోయిక్ ఆసిడ్ వచ్చిందా, జన్యువుని నడిపించు. రాలేదా, ఆపి ఉంచు. డిఫాల్ట్ విలువ "ఆపి ఉంచు". ఆపడానికి రార్ ఒంటరిగా చాలదు, కొన్ని తోడు ప్రొటీన్లని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అవి ఆ చోట డీఎన్ఏ దారాన్ని ఉండలకి బిగించి చుట్టేస్తాయి. బిగించిన దారం మీద రాతని కణం చదవలేదు. రెటినోయిక్ ఆసిడ్ అణువు వచ్చి రార్‌లో ఉన్న గూట్లో కూర్చోగానే, రార్ ఆకారం కాస్త మారుతుంది. డబ్బా మూత పడ్డట్టు ఒక ముక్క వచ్చి గూటిని మూస్తుంది. ఆ కదలికకి ఆపే ప్రొటీన్ల పట్టు సడలి ఊడిపోతాయి, నడిపించే ప్రొటీన్లు వచ్చి చేరతాయి. దారం వదులవుతుంది, జన్యువు పలుకుతుంది, కణం ఒక మెట్టెక్కుతుంది.

ఏపీఎల్‌లో పాడయ్యేది ఈ షరతు వాక్యమే. 1977లో షికాగోలో జానెట్ రౌలీ బృందం ఈ రోగుల కణాల్లో 15వ క్రోమోజోము ముక్క, 17వ క్రోమోజోము ముక్క ఒకదానితో ఒకటి చోటు మార్చుకున్నాయని గమనించింది. 17వ దానిలో తెగిన చోటే రార్-ఆల్ఫా జన్యువు ఉందని 1990లో తేలింది. పారిస్‌లో హ్యూగ్ ద తే, ఆన్ దజాన్ పనిచేసిన బృందం, లండన్‌లో ఎలెన్ సాలమన్ బృందం దాదాపు ఒకేసారి ఆ చోటికి చేరారు. 15వ దానిలో తెగిన జన్యువుకి పీఎంఎల్ అని పేరు. ఇద్దరు ప్రోగ్రామర్ల ఫైళ్ళని ఎవరో మధ్యలో తెంపి, ఒకరి పై సగానికి ఇంకొకరి కింది సగం అతికించినట్టు, పీఎంఎల్-రార్ అనే అతుకుల ప్రొటీన్ పుట్టింది. విచిత్రం ఏమిటంటే ఈ అతుకుల ఫైలు కంపైల్ అవుతుంది, నడుస్తుంది కూడా!

నడిచే తీరే వేరు. పీఎంఎల్ భాగానికి తనలాంటివాటిని పట్టుకుని గుంపు కట్టే గుణం ఉంది. దాంతో రార్‌లు గుంపుగా డీఎన్ఏ మీద కూర్చుంటాయి. ఒక్క రార్ దగ్గర ఉండే ఆపుడు ప్రొటీన్లు గుంపు దగ్గర ఎన్నో రెట్లు గట్టిగా అతుక్కుంటాయి. మామూలు రక్తంలో ఉండే రెటినోయిక్ ఆసిడ్ బహు స్వల్పం, కొద్ది నానోమోలార్లు. ఆరోగ్యమైన కణానికి ఆ గుసగుస చాలు. పీఎంఎల్-రార్‌కి అది చెవిటివాడి ముందు శంఖం. గూటిలో అణువు కూర్చున్నా ఆపుడు ప్రొటీన్లు వదలవు. కణం ప్రోమైలోసైట్ దగ్గరే ఆగిపోతుంది.

ఇక మందు చేసే పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: శంఖం వెయ్యి రెట్లు గట్టిగా ఊదుతుంది. ఆట్రా మింగాక రక్తంలో దాని మోతాదు మైక్రోమోలార్ దాకా వెళ్తుంది, అంటే మామూలుకి వెయ్యి రెట్ల దరిదాపు. ఆ ధాటికి గుంపు దగ్గరి ఆపుడు ప్రొటీన్లు కూడా ఊడతాయి. ఆగిన మెట్ల ప్రయాణం మళ్ళీ మొదలవుతుంది. ఇది ఊహ కాదని తేల్చడానికి మంచి సాక్ష్యం దొరికింది. ఏపీఎల్ కణాల లోపల సూదుల్లాంటి ఎర్రటి కడ్డీలు ఉంటాయి. మందు వేశాక రక్తంలో కనిపించిన పండు న్యూట్రోఫిల్స్‌లో కూడా ఆ కడ్డీలు కనిపించాయి. వాటి క్రోమోజోములు చూస్తే అదే 15-17 మార్పిడి. అంటే పాతవి చచ్చి వాటి స్థానంలో మంచివి పుట్టడం కాదు, ఆ దొంగలే పెద్దమనుషులయ్యారు. అయిన కొద్ది రోజులకి న్యూట్రోఫిల్ ధర్మం ప్రకారం రాలిపోయారు.

భీమవరం నుంచి షాంఘై దాకా

విటమిన్లకీ ల్యుకీమియాకీ చుట్టరికం మన తెలుగువాళ్ళకి కొత్త కాకూడదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ మీద పనిచేయించారు. ఆ విటమిన్‌లా కనిపించి కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్ అక్కడే తయారయింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకీమియా పిల్లలకి ఇస్తే 16 మందిలో 10 మందికి కొన్నాళ్ళపాటు జబ్బు వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఆ జబ్బు వెనక్కి తగ్గడమన్నదే ఎవరూ చూసి ఎరగరు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. ఆయన మందు పద్ధతి ఆకలి. చీలడానికి కావలసిన విటమిన్‌ని అందకుండా చేసి కణాన్ని మాడ్చడం. సామ దాన భేద దండోపాయాల్లో అది దండం. తరవాత వచ్చిన కీమో మందుల్లో అత్యధికం ఆ వరసవే.

సామోపాయం కూడా పనిచెయ్యవచ్చని మొదట అనుమానించినవాళ్ళు ప్రయోగశాల మనుషులు. ల్యుకీమియా కణాలని గాజు పళ్ళెంలో పెంచుతూ, ఏవేవో రసాయనాలు చల్లి, అవి మామూలు కణాలుగా మారడం చూశారు. 1980లో అమెరికాలో బ్రైట్‌మన్ బృందం రెటినోయిక్ ఆసిడ్‌తో ఆ పని జరుగుతుందని చూపించింది. మరుసటేడు రోగుల నుంచి తీసిన ఏపీఎల్ కణాల మీద కూడా చూపించింది. పళ్ళెంలో పనిచేసినవన్నీ మనిషిలో పనిచేస్తాయా అని పెదవి విరిచినవాళ్ళే ఎక్కువ. పడమటి దేశాల్లో ఎక్కువగా వాడి చూసింది 13-సిస్ అనే కాస్త వంకర తిరిగిన రూపాన్ని. ఫలితాలు అంతంతమాత్రం.

షాంఘైలో వాంగ్ జెన్‌యీ అనే డాక్టరుకి దొరికింది ఆల్-ట్రాన్స్ రూపం, అక్కడి మందుల ఫ్యాక్టరీలో తయారయినది. 1985లో 5 ఏళ్ళ పాప ఏపీఎల్‌తో చావుబతుకుల్లో ఉంటే, వేరే దారి లేక ఆ మందు ఇచ్చారు. పాప కోలుకుంది. 1988లో వాంగ్ బృందం 24 మంది రోగుల లెక్క ప్రచురించింది. అందరికీ జబ్బు అణిగింది. 23 మందికి ఆట్రా ఒక్కటే సరిపోయింది. కీమోలో జరిగేట్టు మూలుగ ఖాళీ అవడం, జుట్టు రాలడం లేవు. ఈ 24 మంది కథ జరిగేనాటికి పీఎంఎల్-రార్ అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు! మందు ముందు, కారణం తరవాత. కోడు ఎందుకు పనిచేస్తోందో తెలియకుండా ప్రొడక్షన్‌లోకి పంపడాన్ని మనం తిట్టుకుంటాం కానీ, వైద్యంలో చాలా మేలు అలాగే జరిగింది.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. ఆట్రా ఒక్కటే వాడినవాళ్ళలో చాలామందికి కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది. కారణాలు రెండు. మొదటిది, శరీరం ఈ పదార్థం మోతాదు పెరగగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైములని ఎక్కువ చేసుకుంటుంది. అదే మోతాదు మింగుతున్నా కొన్ని వారాలకి రక్తంలో నిలిచేది తగ్గిపోతుంది. రెండోది ఇంకా లోతైనది. కణాన్ని పెద్దచెయ్యడం వేరు, కొత్త కణాల్ని పుట్టించే తల్లి కణాన్ని తుడిచెయ్యడం వేరు. కొమ్మలు పండి రాలినా మొదలు మిగిలితే మళ్ళీ చిగురిస్తుంది. మొదలు పోవాలంటే ఆ అతుకుల ప్రొటీనే నాశనం కావాలి. ఆట్రా దాన్ని కొంతవరకు విరగ్గొడుతుంది కానీ, మాత్రల మోతాదులో అది చాలడం లేదు. 1990లలో ఆట్రాకి కీమో జతచేసి ఆ లోటు పూడ్చుకున్నారు. పది మందిలో ఎనిమిది మందికి నయమయ్యే స్థితి వచ్చింది.

పాషాణం

మిగతా పని పూర్తిచేసింది పాషాణం. మన తాతలు శంఖపాషాణం అన్న తెల్లటి విషమే, ఆర్సెనిక్ ట్రయాక్సైడ్.

పాషాణాన్ని మందుగా వాడడం మా చుట్టుపక్కల కొత్త కాదు. ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న స్టాఫర్డ్‌లో థామస్ ఫౌలర్ అనే డాక్టరు 1786లో పాషాణపు ద్రావకం గురించి రాశాడు. తరవాత వందేళ్ళ పైగా ఫౌలర్ ద్రావకాన్ని అన్నిటికీ, ల్యుకీమియాకి కూడా, వాడారు. 1882లో బర్మింగ్‌హాంని ఆనుకున్న ఆస్టన్ నుంచి ఒక కుర్ర డాక్టరు ఒక ల్యుకీమియా రోగి గురించీ, అతనికి వాడిన పాషాణం గురించీ లాన్సెట్ పత్రికకి రాశాడు. ఆ డాక్టరు పేరు ఆర్థర్ కానన్ డాయల్. షెర్లాక్ హోమ్స్ ఇంకా పుట్టలేదు.

మన కాలంలో దాన్ని మళ్ళీ బయటికి తీసింది ఉత్తర చైనాలో హార్బిన్ డాక్టర్లు, 1970లలో. షాంఘైలో చెన్ జూ, పారిస్‌లో ద తే మొదలైనవారు అది పనిచేసే తీరు పట్టుకున్నారు. ఆట్రా అతుకుల ప్రొటీన్‌ని రార్ వైపు నుంచి పట్టుకుంటే, పాషాణం పీఎంఎల్ వైపు నుంచి పట్టుకుంటుంది. పీఎంఎల్‌లో గంధకం ఉన్న చోట్లకి నేరుగా అతుక్కుని, "ఇది చెత్త" అని కణం చేతే ముద్ర వేయించి, చెత్త మిషన్లోకి తోయిస్తుంది. ఒకే ప్రొటీన్, రెండు కొసలు, రెండు మందులు. వేరు వేరు దేశాల్లో, వేరు వేరు కారణాలకి దొరికిన రెండు మందులు ఒకే ప్రొటీన్ రెండు కొసలకి తగలడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

2013లో ఇటలీ, జర్మనీ డాక్టర్లు ఫ్రాంచెస్కో లో-కోకో నాయకత్వంలో ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. తెల్ల కణాల లెక్క 10 వేలు దాటని రోగుల్లో, కీమో అసలు లేకుండా ఆట్రా, పాషాణం మాత్రమే ఇస్తే, రెండేళ్ళ తరవాత ఏ అవాంతరమూ లేకుండా ఉన్నవాళ్ళు 97 శాతం. ఆట్రా, కీమో తీసుకున్నవాళ్ళలో 86 శాతం. బ్రిటన్‌లో 235 మందితో జరిగిన పరీక్ష 2015లో ఇదే దారి చూపించింది. 2018లో ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చు పెట్టడానికి ఒప్పుకుంది. మా కుర్రాడికి జరిగిన వైద్యమూ ఇదే. మొదటి నెల ఆసుపత్రిలో, తరవాత డే యూనిట్‌లో కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సెలైన్‌లో పాషాణం ఎక్కించుకునేవాడు. గుండె విద్యుత్తు గతి తప్పకుండా ప్రతిసారీ ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం చూసేవారు. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నాడు.

మన వైపు సంగతి కూడా చెప్పాలి. చిత్తూరు జిల్లా నుంచి బస్సెక్కితే వచ్చే వెల్లూరు సీఎంసీలో డాక్టర్లు ఆట్రా, కీమోల ఖర్చు భరించలేని రోగుల కోసం పాషాణం ఒక్కదానితోనే వైద్యం చేసి చూశారు. విక్రమ్ మాథ్యూస్ బృందం 2006లో ప్రకటించిన లెక్కలో 72 మంది రోగులు. 86 శాతం మందికి జబ్బు అణిగింది. బీదరికం నుంచి పుట్టిన ఆ పరీక్షని ధనిక దేశాల డాక్టర్లు కూడా ఉదహరిస్తారు. కనక హైదరాబాదు వచ్చెయ్యమన్న మామగారి మాట వైద్యం దృష్ట్యా తప్పు కాదు. తప్పు ఆ రాత్రి ప్రయాణం మాత్రమే.

కేరట్లు తింటే చాలదా?

ఆసుపత్రికి పరామర్శకి వెళ్ళినవాళ్ళలో కనీసం ముగ్గురు కేరట్ జ్యూసు పట్టుకెళ్ళారు. ఒకాయన కాడ్ లివర్ ఆయిల్ సీసా కూడా ఇచ్చాడు. కాబట్టి ఇది చెప్పక తప్పదు.

మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల మీద ఆధారపడి, 1970లో పిల్లలకి ఆరు నెలలకోసారి విటమిన్ ఏ చుక్కలు వేసే పథకం మొదలయింది. ఏడాది దాటిన పిల్లలకి ఒక మోతాదు 2 లక్షల యూనిట్లు, అంటే సుమారు 60 మిల్లీగ్రాముల రెటినాల్. దాన్ని కాలేయం దాచుకుని నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. ఏపీఎల్ రోగి మింగేది రోజుకి సుమారు 80 మిల్లీగ్రాములు, అంటే 10 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు ఎనిమిది. అదీ రెటినాల్ కాదు, చివరి మెట్టు మీద ఉన్న రెటినోయిక్ ఆసిడ్. రెటినాల్ నుంచి ఆ మెట్టుకి ఎంత వెళ్ళాలో శరీరం చాలా పిసినారితనంగా చూసుకుంటుంది. కేరట్లు బుట్టలకొద్దీ తిన్నా అరచేతులు పసుపెక్కుతాయి తప్ప ఆ వెయ్యి రెట్లు రావు. విటమిన్ ఏ మాత్రలు గుప్పెళ్ళతో మింగితే కాలేయం ముందు పాడవుతుంది. ఆట్రా తీసుకుంటున్నవాళ్ళు దానికి తోడు విటమిన్ ఏ మాత్రలు, కాడ్ లివర్ ఆయిల్ వేసుకోవడం ప్రమాదం. ఆ సీసా వెనక్కి పంపించాం.

ఈ మందు సాధువేమీ కాదు. గర్భంలో ఉన్న శిశువుకి ఘోరమైన హాని చేస్తుంది. తలపోటు సామాన్యం. అన్నిటికన్నా భయపెట్టేది ఇంకోటి ఉంది. లక్షల కోట్ల కణాలు ఒక్కసారిగా పెద్దవవుతుంటే, ఆ కొత్త పెద్దరికంలో అవి ఊపిరితిత్తుల్లోకి చొచ్చుకుపోతాయి. జ్వరం, ఆయాసం, ఒంట్లో నీరు చేరి రెండు మూడు రోజుల్లో నాలుగైదు కిలోల బరువు పెరగడం. అనుమానం రాగానే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. వార్డులో పొద్దున్నే బరువు చూసి వెళ్ళే నర్సమ్మ చేస్తున్నది లాంఛనం కాదు.

పరీక్షల్లో కనిపించే 97 శాతం అనే అంకెని కూడా జాగ్రత్తగా చూడాలి. అందులో చేరినవాళ్ళు ఆసుపత్రికి బతికి వచ్చి, సంతకం పెట్టగలిగినవాళ్ళు. స్వీడన్‌లో 1997 నుంచి 2006 దాకా ఏపీఎల్ వచ్చినవాళ్ళందరి లెక్కా తీస్తే, 29 శాతం మంది 30 రోజుల్లో పోయారు. వాళ్ళలో చాలామంది రక్తస్రావంతో. మందు ఉన్న దేశంలో, కొందరు మందు దగ్గరికి చేరేలోపే. కారణం లేకుండా కమిలిన మచ్చలు, ఆగని చిగుళ్ళ రక్తం కనిపిస్తే రక్తకణాల లెక్క ఆ రోజే చూపించుకోవాలి, వారాంతం దాకా ఆగకూడదు.

మిగతా ల్యుకీమియాలకి ఆట్రా ఎందుకు పనిచెయ్యదని అడగవచ్చు. వాటిలో ఈ అతుకుల ప్రొటీన్ లేదు. ఏపీఎల్‌లోనే అరుదైన ఒక రకంలో రార్‌కి పీఎంఎల్ బదులు పీఎల్‌జెడ్‌ఎఫ్ అనే వేరే ప్రొటీన్ అతుకుతుంది. ఆపుడు ప్రొటీన్లని అది సొంతంగా కూడా పట్టుకోగలదు. ఎంత గట్టిగా ఊదినా వదలదు. అక్కడ ఆట్రా దాదాపు పనిచెయ్యదు. అయితే పెద్దచెయ్యడం అనే ఆలోచన మాత్రం మిగతా ల్యుకీమియాలకి పాకింది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన ఎనాసిడెనిబ్, 2024లో వచ్చిన రెవుమెనిబ్ వేరే వేరే తాళాలు తీసే మందులు. వాటిలోనూ అదే జ్వరం, అదే ఆయాసం, అదే డెక్సామెథసోన్.

మా కుర్రాడికి వైద్యం ముగిసేలోపు మూలుగు తీసి పరీక్ష చేశారు. సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష కాదు అది. అతుకుల జన్యువు రాసే సందేశం పదివేల కణాల్లో ఒక్క కణంలో మిగిలినా పీసీఆర్ పట్టేస్తుంది. ఆ పద్ధతిని రోగుల దగ్గరికి తెచ్చినవారిలో లండన్ గైస్ ఆసుపత్రి డేవిడ్ గ్రిమ్‌వేడ్ ముఖ్యుడు, 2016లో పోయాడు. ఫలితం కాగితం మీద ఒకే మాట ఉంది: "కనిపించలేదు". ఆ కాగితాన్ని అతని భార్య ఫోటో తీసి గుంటూరు పంపింది. మామగారు అది చదివి, "కనిపించకపోతే మళ్ళీ వెతకమను" అన్నారట. వెతకడానికి ఏమీ మిగలలేదని ఆయనకి నచ్చచెప్పే బాధ్యత మళ్ళీ నా మీదే పడింది.